అడ్డుచెక్క తీసినవాడు

తనకి చెవుడంటే ఎబినేజర్ ఒప్పుకోడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు సుత్తుల మోతలో బతికిన మనిషికి ఆమాత్రం వినబడటమే గొప్పని భార్య దోర్కా అంటుంది. రిటైరయ్యాక ఆయనకి ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ సైకిలు. అరవై ఏడేళ్ల వయసులో న్యూ సెటిల్‌మెంట్‌లో ఇంటి నుంచి ఊరవతల సాలువా దాకా తొక్కి రావడం ఆయనకి టీ తాగినంత పని.

మంగళవారం తెల్లవారుతూనే ఫోను మోగింది. చేసింది నిరాపద మైతీ కోడలు. నిరాపద ఒకప్పుడు వర్క్‌షాపులో ఎబినేజర్ జతగాడు, ఇప్పుడు దీఘా అవతల సముద్రం దగ్గర సొంతూళ్లో ఉంటున్నాడు. లైనంతా గరగర. "బాబా కాల్ చలే..." అని మామగారి గురించి అన్నంత మటుకే ఈయన చెవికి చిక్కింది. "ఠీక్ హై మా, ఆమి ఆస్‌ఛి!" అని, వస్తున్నట్టు అరిచి పెట్టేశాడు.

"ఏటంట?" అంది దోర్కా.

"నిరాపద రేపు ఎలిపోతన్నాడంట. అస్సాం సిల్చార్, కూతురి కాడికి. పోయిన్నెల్లో అన్నాడు కదా. ఇంక ఇటేపు రాడు. ఇయ్యాలే ఎల్లాలి."

"ఈపాలైనా సెప్పీసి రా. నీ కడుపులో పుండు సూడలేకపోతన్నాను."

ఆ పుండు వయసు పంతొమ్మిదేళ్లు. షాపులో వ్యాగన్ చక్రాలు దొర్లిపోకుండా కింద అడ్డుచెక్క పెట్టడం నిరాపద పని. ఆ రోజు పెట్టాడు కూడా. పక్క చక్రానికి చెక్క కావలసొచ్చి ఎబినేజర్ దాన్ని లాగి తీసుకుపోయాడు, మళ్లీ పెట్టడం మరిచాడు. చక్రం దొర్లింది. దేముడు అనే కుర్ర ఫిట్టర్ మూడు వేళ్లు నలిగిపోయాయి. విచారణలో నిరాపద తల వంచుకుని, పెట్టాననే అనుకున్నాను, మరిచానేమో అన్నాడు. శిక్షా అనుభవించాడు. ఎబినేజర్ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. అప్పటినుంచి నిరాపద ఏ పని చేసినా రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసుకునేవాడు. ఇంటి తాళం కూడా. పక్కనే నిలబడి అది చూడటం కన్నా తన వేళ్లు పోయినా బాగుండేదనిపించేది ఎబినేజర్‌కి. అనిపించి ఏం లాభం, నోరు పెగల్లేదు.

సైకిలు బస్సు మీదికెక్కించి దీఘాలో దిగేసరికి పది దాటింది. తారు రోడ్డు పట్టుకుంటే గంటలో ఊరు వస్తుంది. మరి ఆయన పట్టింది సముద్రం గట్టు. భయపడ్డవాడికి చుట్టుదారే దగ్గర. మబ్బు పట్టి సముద్రం బురదరంగులో ఉంది. శంకర్‌పూర్ దగ్గర ఎండుచేపల వాసన, తాజ్‌పూర్ దగ్గర సరుగుడు తోపుల్లో ఎదురుగాలి. అంత గాలిలోనూ చెప్పాల్సిన మాటని బెంగాలీలో పైకే వల్లె వేసుకుంటూ తొక్కాడు. ఒకచోట దిగి కొబ్బరినీళ్లు తాగాడు. ఇంకోచోట దాహం లేకపోయినా తాగాడు. రేపటిదాకా ఉంటాడుగా అన్న ధీమా.

గట్టు దిగి రొయ్యల చెరువుల మధ్యనుంచి, తమలపాకు పందిళ్ల పక్కనుంచి లోపలికి తిరిగాడు. వాన తుంపర మొదలైంది. మాట నోటికి బాగా వచ్చేసింది. చాలా ఏళ్ల తరవాత ఆయనకి మనసు తేలికైంది.

నిరాపద వాకిట్లో పెద్దకొడుకు కుట్టని తెల్లగుడ్డ చుట్టుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు. అరుగు మీద నిరాపద భార్య సుభద్ర; ఎబినేజర్‌కి బౌదీ, అంటే వదిన. చేతులకి ముత్తయిదువ శంఖు గాజులు లేవు, పాపిట్లో సిందూరం లేదు.

బెంగాలీలో రేపూ కాలే, నిన్నా కాలే; ఊరు విడిచినా లోకం విడిచినా చలేనే. అసలు సంగతి ఆ తరవాతి మాటలో ఉంటుంది. ఆ మాటే ఎబినేజర్ వినలేదు. నిరాపద నిన్న పోయాడు. దహనం కూడా అయిపోయింది.

సైకిలు గోడకి ఆనించాడు. సుభద్ర ఏడుస్తూనే పీట వేసింది.

"ఆఖరి వారమంతా జ్వరంలో ఒకటే మాట దాదా," అంది బెంగాలీలో. "సుభద్రా, చెక్క పెట్టాననే గుర్తు, మరి ఎందుకు లేదు అని. వేళ్లు పోయిన ఆ పిల్లవాడిని తలుచుకుని ఏడ్చేవారు."

ఎబినేజర్‌కి దారంతా వల్లె వేసిన మాటలో సగమే మిగిలింది.

"పెట్టాడు బౌదీ. తీసింది నేను."

ఆవిడ రెండు చేతులూ జోడించింది.

"మీలాంటి మనిషి ఉండడని ఆయన ఊరికే అనలేదు. పోయినవాడి తప్పు కూడా మీ నెత్తిన వేసుకుంటున్నారు."

"కాదు బౌదీ, నిజం. నేనే తీశాను. భయపడి చెప్పలేదు."

"విన్నావురా?" అంది కొడుకుతో. "శ్రాద్ధం రోజున మొదటి విస్తరి ఈయనకే వెయ్యాలి."

"నేనే తీశాను!" అని ఎబినేజర్ అరిచాడు. పొరుగింటివాళ్లు తొంగిచూశారు. ఆయన కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

సుభద్ర పీట దగ్గరకొచ్చి, పసివాణ్ని సముదాయించినట్టు మెల్లిగా అంది:

"సరే దాదా, మీరే తీశారు. ఇంక ఊరుకోండి."