తంతి తాతగారు పూరించిన సినిమా

కత్తెరమ్మకు ఆ పేరు చేతిలో కత్తెర వల్ల వచ్చిందో, నోట్లో కత్తెర వల్ల వచ్చిందో వీధిలో ఎవరూ తేల్చలేకపోయారు. ముందుగదిలో మిషన్ వేసుకుని స్కూలు యూనిఫారాలు, కోట్లు కుడుతుంది. మెడలో టేపు ఎక్కడికెళ్ళినా తీయదు. సినిమా చర్చకు వచ్చినప్పుడూ అది వేలాడుతూనే ఉంటుంది.

చర్చ అంటే గ్రంథాలయం మేడ మీద నెలకో ఆదివారం మధ్యాహ్నం జరిగేది. పేరు మాత్రం ఘనం: పాత హాలీవుడ్ చిత్రాలపై ప్రజా చర్చా సదస్సు. పేపర్లు చదివే బల్లల్ని గోడవారకు జరిపి, తెల్లతెర కట్టి, నలుపు తెలుపు సినిమా ఒకటి వేస్తారు. తర్వాత మనిషికి రెండేసి నిమిషాలు. మూడో నిమిషంలోకి అడుగుపెడితే లైబ్రేరియన్ గంట కొడుతుంది. కత్తెరమ్మకు గంట పడని ఆదివారం లేదు.

వచ్చే పాతికమందికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకే తెర పక్కన కుర్చీ వేసుకుని తంతి తాతగారు కూర్చునేవారు. ముప్ఫయ్యేళ్ళు టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసిన మనిషి. సౌండు తగ్గించి, "ఇప్పుడావిడ అంటోందీ..." అని మొదలుపెట్టారంటే హాల్లో గాలి కూడా ఆగి వినేది.

మూడేళ్ళ కిందట అలాగే అక్కాచెల్లెళ్ళ సినిమా ఒకటి వేశారు. చెల్లెలికి వచ్చిన ప్రేమలేఖను అక్క దాచేస్తుంది. కత్తెరమ్మ ఉలిక్కిపడింది. అచ్చం తన బతుకే. తనను పెళ్ళి చేసుకుంటానన్న రేడియో మెకానిక్ రాసిన ఉత్తరాన్ని అక్క పెట్టె అడుగున కాగితం కింద దాచింది. అతను జవాబు కోసం చూసి చూసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళ తర్వాత ఉత్తరం బయటపడితే ఎందుకు దాచావని కత్తెరమ్మ అడిగింది. అక్క నోరు విప్పలేదు. ఆ రోజుతో ఇద్దరికీ మాటల్లేవు, పదకొండేళ్ళు.

సినిమా చివర్లో ఆ అక్క వెక్కివెక్కి ఏడుస్తూ ఏదో అంది. తాతగారు గొంతు సవరించుకున్నారు.

"అక్క అంటోందీ, నీ మేలు కోరే దాచానమ్మా, వాడికి ముందే పెళ్ళయింది, నీ మనసు విరగ్గొట్టలేక చెప్పలేదు అని."

కత్తెరమ్మ టేపు కొసతో కళ్ళు తుడుచుకుంది. మర్నాడు పొద్దున్నే అక్క ఉంటున్న అద్దెగదికి వెళ్ళి, పెట్టే బేడా సర్దించి ఇంటికి తెచ్చుకుంది. ఎందుకు దాచావని మళ్ళీ అడగలేదు. అడగడమెందుకు, సినిమాలో చెప్పేసిందిగా! అప్పటినుంచి అక్క వెనకగదిలో ఉంటోంది, బొత్తాలు కుడుతోంది. ఇల్లు చల్లగా ఉంది.

ఈమధ్య కొత్త లైబ్రేరియన్ వచ్చింది. కింద తెలుగు అక్షరాలు పడే సినిమాలు తెప్పిస్తానంది. అక్కాచెల్లెళ్ళ సినిమాయే ముందు వేయాలని కత్తెరమ్మ పట్టుబట్టింది. ఎన్నడూ గడప దాటని అక్కను బతిమాలి తీసుకొచ్చి, మొదటి వరసలో కూర్చోబెట్టింది. నీ మీద నాకు కోపం లేదని నోటితో చెప్పడం ఆమెకు చేతకాలేదు. సినిమా చెబుతుందనుకుంది.

ఆ ఘట్టం వచ్చింది. తెర మీద అక్క ఏడుస్తోంది. కింద అక్షరాలు పడ్డాయి.

"నీ మేలు కోసం కాదు. అతను నిన్ను కోరుకోవడం భరించలేకపోయాను. మళ్ళీ ఆ రోజు వచ్చినా మళ్ళీ దాస్తాను."

కత్తెరమ్మ ముందుకు వంగి చూసింది. తప్పు చదివానేమో అనుకునేలోపే వెనక వరసలో ఎవరో బిగ్గరగా చదివేశారు. అప్పటిదాకా తన చేతిలో ఉన్న అక్క చెయ్యి మెల్లగా జారిపోయింది.

లైట్లు వేశారు. ఒక్కసారిగా అందరూ తాతగారి మీద పడ్డారు.

"ఇదేంటి తాతగారూ! వాడికి ముందే పెళ్ళయిందనీ, అక్క మేలు కోరే దాచిందనీ ఇన్నాళ్ళూ మాకు కాకమ్మ కథలు చెప్పారా?"

ఆయన కుర్చీ పట్టుకుని లేచారు.

"మా ఆఫీసులో వార్త సగం సగం అందేదమ్మా. పోయిన అక్షరాలు ఊహించి పూరించేవాళ్ళం. ఆరోజు నాకు సిస్టర్, లెటర్, గుడ్ అని మూడు ముక్కలే వినబడ్డాయి. మిగతాది ఆవిడ మొహం చూసి పూరించాను. అంతలా ఏడ్చే మనిషి అంత మాట అంటుందని నాకెలా తెలుస్తుంది?"

అక్క కత్తెరమ్మ వైపు తిరగకుండానే, ఆమెకు మాత్రమే వినబడేలా అంది.

"చెల్లీ, మళ్ళీ దాస్తానన్న ఒక్క మాట నాది కాదు. మిగతాదంతా నాదే. అతనికి పెళ్ళీ కాలేదు, పాడూ కాలేదు. నాకు కడుపుమంట, అంతే. మూడేళ్ళుగా నువ్వు అడుగుతావేమోనని బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. అడగలేదు. హమ్మయ్య అనుకున్నాను."

కత్తెరమ్మకు ఒళ్ళంతా చల్లబడింది. అక్క ఉత్తరం దాచినందుకు కాదు, అది పాత సంగతే. పెళ్ళయిందనుకుని ఆ మెకానిక్‌ను తాను మూడేళ్ళుగా మనసులో తిడుతూ వచ్చింది. పాపం, అతనికి అసలు పెళ్ళే కాలేదు.

"మీ రెండు నిమిషాలండీ," అంది లైబ్రేరియన్, ఏమీ తెలియక.

కత్తెరమ్మ లేచి నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. రెండు నిమిషాలూ అలాగే నిలబడింది. లైబ్రేరియన్ ఆనవాయితీగా గంట మీద చెయ్యి వేసి, కొట్టకుండా తీసేసింది.

మెట్ల దగ్గర అక్క ఆగిపోయింది.

"నన్ను ఆ అద్దెగదికే పొమ్మంటావా?"

"ఆ గది ఎప్పుడో ఇంకొకళ్ళకిచ్చేశారు." అంది కత్తెరమ్మ. "నిన్ను క్షమించింది నేను కాదక్కా, తాతగారు. ఇప్పుడు నా వంతు. ఇంటికి నడు. మొదట్నుంచీ, నువ్వే చెప్పు. అంతా విన్నాక నా వల్ల అవుతుందో లేదో చూసుకుంటాను."

అక్క మెట్లు దిగడం మొదలుపెట్టింది. కత్తెరమ్మ రెండు మెట్లు వెనకగా, టేపు గుప్పిట్లో బిగించి పట్టుకుని, దిగింది.