బండ మీద నాయన పాదాలు

ఆ వీడియో పద్నాలుగు సెకన్లే. ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

పోయినేడు శుభ శుక్రవారం పొద్దు పెనుకొండ కొండ మీద తీసినా. సగం ఎక్కినాక నున్నటి పెద్ద బండ ఒకటి వస్తుంది. దాని మీద మా నాయన రెండు పాదాలు, చెప్పులు లేకుండా, నిదానంగా నడుస్తాంటాయి. వెనకాల సిలువ కొస బండకు గీసుకుంటా వస్తాంటుంది. అంతే. దాని కింద నేను ఒకే మాట రాసి పెట్టినా. విశ్వాసం.

ఊరు సోమందేపల్లె పక్కన. మా ఊరు అనను, అది అబద్ధమైపోతుంది. నాకు ఐదేండ్లున్నప్పుడు అమ్మ పోయింది. మామ నన్ను బెంగళూరు తీసుకపోయి సాకినాడు. నాయన ఈడనే ఉండిపోయినాడు. వానొస్తే శనక్కాయలు, రాకుంటే గొర్రెలు. వాన వచ్చిన ఏండ్లు చెప్పమంటే వేళ్ల మీద చెప్తాడు. నేను పండగకు వచ్చిపోయే సుట్టాన్ని.

కొండలంటే మాత్రం నాకు పిచ్చి. ఆదివారం వస్తే దోస్తులతో నంది హిల్స్, సావనదుర్గ, గుత్తి కోట, ఏదో ఒకటి ఎక్కాల్సిందే, ఫోటోలు పెట్టాల్సిందే. చర్చికి రావేమిరా అని మామ తిడితే, "దేవుడు చేసిన కొండ మీదనే ఉన్నా గదా, ఆడ ఆయనకు మైకు కూడా అక్కర్లేదు" అనేవాణ్ణి. నోటి తీటకు అన్న మాటే. కానీ నిజంగానే నాకట్లా అనిపించేది. గుత్తి మీద నిలబడి చూస్తే రాయి మీద రాయి ఎవరో ఓపికగా పేర్చినట్లుంటుంది. చేసినాయన ఏ మాత్రం తొందరపడలేదు. నీళ్లు పెట్టేది మాత్రం మర్చిపోయినాడు. ఒకసారి ఇదే మాట నాయనతో అన్నా.

"ఆయన మర్చిపోలేదప్పా. మనం అడిగేది మర్చిపోయినాం" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అడిగి అడిగి మోకాళ్లు కాయలు కాసినోడు ఆ మాట అంటే మండదా.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. శుభ శుక్రవారం అందరూ చెప్పులు కిందనే వదిలేసి, తుమ్మకర్ర సిలువ మోసుకుంటా ఆ పెద్ద బండ దాటి కొండ ఎక్కుతారు. పాట పాడతాంటారు. ఒక్కో చరణానికి ఒక్కొక్కరు మోయాల. ఎందుకంటే ఆ ఎండకు బండ దోసె పెనం మాదిరి ఉంటుంది. చరణం అయిపోతానే మోసినోడు సిలువ పక్కోడికిచ్చి నీడకు ఉరుకుతాడు. పోయినేడు నాయన వంతు వచ్చింది. చరణం అయిపోయింది. ఆయన ఇవ్వలేదు. ఇంకో చరణం. ఇంకోటి. బండంతా ఒక్కడే దాటినాడు, మొహంలో కొంచెం కూడా మార్పు లేదు.

"చూడండి, ఆ పాదాల కింద దేవుడు చెయ్యి పెట్టినాడు" అన్నాడు అయ్యగారు. మా పాస్టరును మేమంతా అట్లనే పిలుస్తాం. ఆడోళ్లు ఏడ్చినారు. నేనూ ఏడ్చినా. అన్ని కొండలెక్కినా ఎప్పుడూ అనిపించనిది ఆ పొద్దు అనిపించింది. ఈ రాళ్లను చేసినాయన ఈ ముసలాయన్ను కూడా చూస్తాండాడని.

ఆ వీడియో ఊర్లు తిరిగింది. గోరంట్ల నుంచి, చిలమత్తూరు నుంచి మనుషులొచ్చి నాయన చేత తల మీద చెయ్యి పెట్టించుకుని పోయేవాళ్లు. చర్చిలో ఎప్పుడూ చాప మీద, గోడకు ఆనుకోని కూర్చునే మనిషికి ముందర వరసలో కుర్చీ వేసినారు.

రెండు నెలలకు నేను ఊరికి పోతే ఇంట్లో ఏదో వాసన. నాయన కాలికి గుడ్డ కట్టుకోని ఉండాడు. "ముల్లు గుచ్చుకుందిలే" అన్నాడు. గుడ్డ విప్పి చూసి, ఆ పొద్దే బెంగళూరు తీసుకపోయినా.

డాక్టరమ్మ ఆయన్ను కండ్లు మూసుకోమనింది. సన్నటి దారం లాంటిది చేతిలో పట్టుకుంది.

"తెలుస్తాందా పెద్దాయనా?"

"తెలుస్తాంది."

"నేనింకా ముట్టుకోలేదు" అనింది.

నాయన కండ్లు తెరిచి నా పక్క చూసినాడు, స్కూల్లో దొరికిపోయిన పిల్లోడి మాదిరి. కాళ్లకు స్పర్శ ఎప్పటి నుంచి లేదని ఆమె అడిగింది. నేను ఫోన్ తీసి వీడియో చూపించినా.

రెండుసార్లు చూసింది. రెండు వేళ్లతో పెద్దది చేసింది. నాయన మూడో అడుగు తీసిన చోట బండ మీద తడి మరక. "ఇది చెమట కాదు, బొబ్బ చితికిన నీళ్లు" అనింది. షుగర్ ముదిరితే కాళ్లల్లో నరాలు చచ్చిపోతాయంట. కాలినా తెలియదంట. ఆ మరకను నేను ఎన్నిసార్లు చూసుంటానో. ఎవరెవరు లైకు కొట్టినారో చూసుకునే దాంట్లో పడి, దాన్ని చూడలేదు.

ఆ కాలికి రెండు వేళ్లు తీసేసినారు. ఇంకొక్కసారి కాలితే పాదమే తీయాల్సి వస్తుందని చెప్పినారు.

అప్పటి నుంచి ఏ కొండ ఎక్కినా నాకు ఒకటే తలపు. కొండల్ని చేసినాయనే నొప్పిని కూడా చేసినాడు. నిప్పు మీద నుంచి కాలు లాక్కో అని చెప్పే చిన్న తీగ ఒకటి పెట్టినాడు మనలో. ఇంత గొప్ప కొండల కంటే అదే గొప్ప పని అనిపిస్తుంది నాకు. మా నాయనలో ఆ తీగ తెగిపోయింది. మేమందరం చప్పట్లు కొట్టినాం. నేనైతే దానికి పేరు కూడా పెట్టినా.

ఈ ఏడు పండగ ముందర నాయన ఫోన్ చేసినాడు. "శుక్రవారానికి రా అప్పా. సిలువ ఈసారీ నేనే పట్టుకోవాలంట."

శుక్రవారం తెల్లారే బస్సెక్కి వచ్చి కొండ కింద దిగినా. నాయన తెల్ల పంచె కట్టుకోని, వేపచెట్టు కింద కూర్చోని, ఆస్పత్రోళ్లు ఇచ్చిన మెత్త చెప్పుల బెల్టు విప్పుతాండాడు.

"చెప్పులు ఇప్పొద్దు" అన్నా.

"అరవాకు రా. అందరూ చూస్తాండారు."

"చూడనీ. అందరూ చూసే గదా ఇంత దూరం తెచ్చినారు."

అయ్యగారు వచ్చి నా భుజం మీద చెయ్యేసినాడు. "మీ నాయన సాక్ష్యం చూడాలని గోరంట్ల నుంచి వచ్చినారు బాబూ."

"ఆస్పత్రి కాయితాలు తెచ్చినా. వాటిని చూపించండి సాక్ష్యానికి."

"ఆ వీడియో పెట్టింది నువ్వే గదప్పా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆయన్ను చెడ్డోడని కూడా అనలేను. ఆపరేషన్ అప్పుడు మూడు దినాలు నాయన మంచం పక్కన కూర్చున్నది ఆయనే. నాకు లీవు దొరకలేదు.

పక్కన రాయి మీద మేకలు కాసే ముసలాయన ఒకడు తమాషా చూస్తాండాడు, నాయనకు పాత జతగాడు. "ఏమప్పా, మీ దేవుడు చెప్పులు వద్దన్నాడా?" అన్నాడు. "మా స్వామైనా గుడి వాకిట్లోనే ఇప్పమంటాడు. మీ దేవుడు కొండంతా ఇప్పమంటాడే."

నాయన కూడా నవ్వినాడు. ఆ నవ్వు చూసినాక నా కోపం కొంచెం దిగింది.

"నీ వంతు నేను మోస్తా. నువ్వు లేయొద్దు" అన్నా.

"నువ్వా? బూట్లు లేకుంటే వాకిలి దాటవు నువ్వు."

బూట్లు విప్పినా. ఫోన్ ఆయన చేతికిచ్చినా. ఆయన దాన్ని కోడిగుడ్డు పట్టుకున్నట్ల పట్టుకున్నాడు.

మెట్ల దాకా బాగానే ఉండె. బండ మీదకు వచ్చినాక తెలిసింది. మొదటి చరణం సగంలోనే మడమలు అంటుకున్నట్లాయె. దేవుడు గుర్తుకు రాలేదు, సృష్టీ గుర్తుకు రాలేదు. ఇంకో కాలు యాడ పెట్టాల అనేది ఒక్కటే. బండ దాటాలనుకున్నోణ్ణి చరణం కూడా ముగించలేదు. సిలువ పక్కనాయన భుజానికెత్తి, ఎగురుకుంటా దిగొచ్చినా. "కోతి నయం" అన్నాడు మేకలాయన. మిగతా వాళ్లు పాడుకుంటా పైకి పోయినారు.

నాయన నా కాలు తన ఒళ్లో పెట్టుకున్నాడు. మడమ మీద బొబ్బ లేచింది. బొటనవేలితో నొక్కినాడు. నేను కాలు లాక్కున్నా.

"అంత కాలుతుందా?"

"కాలుతుంది నాయనా. అందరికీ కాలుతుంది."

ఆ మాట డాక్టరమ్మ చెప్పింది, నేను ఫోన్లో అరిచి అరిచి చెప్పినా. ఎప్పుడూ ఆయన తలకెక్కలేదు. ఇప్పుడు వంగి నా బొబ్బను చూసినాడు.

"పోయినేడు నాకు సల్లగా ఉండె రా" అన్నాడు. "తడి గుడ్డ మీద నడిచినట్ల. ఆయనే వచ్చినాడనుకుంటి."

ఇన్ని నెలలుగా నేను గెలవాలనుకున్నది ఇదే. గెలిచినా. వాన కోసం అడిగినాడు, రాలేదు. అమ్మ కోసం అడిగినాడు, బతకలేదు. జీవితంలో ఆయనకు దొరికిన జవాబు అదొక్కటే. అది షుగర్ రోగమని నా కాలు చూపించి రుజువు చేసినా.

వీడియో పెట్టి చూపించమన్నాడు. ఆయనది బటన్ల ఫోన్, ఇంతవరకు సరిగ్గా చూసిందే లేదు. తడి మరక కాడ ఆపి చూపించినా. వేలితో దాన్ని తుడవబోయినాడు, అద్దం మీద మరకేమో అన్నట్ల.

"తీసేయనా?" అన్నా.

"ఉండనీ. ఆ పొద్దు బాగుండె."

పైన పాట ఆగిపోయింది. ప్రసంగం మొదలైనట్లుంది, నాయన్ను ఎవరో కేక వేసి పిలిచినారు. నాయన తల ఎత్తలేదు. చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు, బెల్టు లాగినాడు, ఆగినాడు.

"ఇది బిగుతుగా ఉండాదేమో నువ్వే చూడు" అన్నాడు. "నాకు తెల్దు."