పిడుగురాళ్లలో కోసేసిన కొక్కేలు

ఉక్కు దూలాలను స్తంభాలకు కలిపే కొత్త పద్ధతి మీద మా కాలేజీ ల్యాబ్‌లో రెండేళ్లు పనిచేశాను. దూలం చివర కొక్కెంలాంటి మందపాటి ప్లేటు ఉంటుంది. క్రేన్‌తో దించితే స్తంభానికున్న గూటిలో కూర్చుంటుంది. నాలుగు బోల్టులు బిగిస్తే చాలు, ఎత్తులో వేలాడుతూ వెల్డింగ్ చేయక్కర్లేదు. ఆ ఆలోచన యేసోబుది. మాకు నమూనాలు చేసిచ్చే ఈ పిడుగురాళ్ల వెల్డరు ఒకసారి అలా వేలాడుతూనే పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఈ పద్ధతిలో మొదటి షెడ్డు వాళ్ల ఊళ్లోనే, ఒక సున్నపు బట్టీలో లేస్తోందని తెలిసి, ఎవరికీ చెప్పకుండా చూడటానికి బయల్దేరాను. అది సరిగా ఉందని సంతకం పెట్టాల్సింది నేనే.

నరసరావుపేటలో ఏడున్నరకు బస్సెక్కితే, సిమెంటు లారీల వెనక నెమ్మదిగా సాగి తొమ్మిదికి దించింది. బట్టీల దాకా ఆటోకు ఎనభై రూపాయలు. "ఆ షెడ్డా? నాలుగు రోజుల్లో లేపేశారమ్మా, చానా స్పీడు!" అన్నాడు డ్రైవరు. కొక్కేలను ఒక్కొక్కటిగా గూళ్లలో సరిచూసి కూర్చోబెడితే పది రోజుల పని అది.

గేటు దాటి తలెత్తి చూస్తే ఒక్క బోల్టు లేదు. కొక్కేలన్నీ కోసేసి, దూలాలను నేరుగా స్తంభాలకు వెల్డింగ్‌తో అతికించేశారు. కోసిన ముక్కలు దుమ్ములో కుప్పగా ఉన్నాయి. ఆ దూలాల కిందే కూలీలు కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు కోయించారు?"

"గూళ్లతో కుస్తీ పట్టేంత టైము ఏడుంది మేడమ్? వెల్డింగేమన్నా ఊడిద్దా?" అన్నాడు కాంట్రాక్టరు.

అక్కడే పనిచేస్తున్న యేసోబు ముందుకొచ్చాడు. "నన్నే కోయమన్నాడు మేడమ్. కోయనన్నా. మీకు చెబితే పనిలోంచి తీసేస్తానని బెదిరించి, వేరేవాళ్లతో కోయించాడు. అదిగో, ఆ మూల అతుకు చూడండి. రేకులు ఎక్కకముందే పగిలింది."

"ఏందిరా, నోరు లేస్తంది?"

"అతన్ని రా అనకండి! ఆ కొక్కెం వంపు గీసింది అతనే," అని అరిచాను. తింటున్నవాళ్లందరినీ బయటికి పంపించాను. యజమానికి ఫోన్ చేసి, ఈ షెడ్డుకు నేను సంతకం పెట్టనని చెప్పాను.

ఆయన పదకొండుకు వచ్చి, పగులు చూసి, అన్నీ దించెయ్యమన్నాడు. కాంట్రాక్టరు బండెక్కి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం, అదనంగా తెచ్చి కోయకుండా పక్కన పడేసిన ఒకే ఒక్క దూలాన్ని యేసోబు దగ్గరుండి క్రేన్‌తో స్తంభాల మీదికి దింపించాడు. గూటిలో చక్కగా కూర్చుంది.

"కోపం తగ్గలా మేడమ్?"

"లేదు."

"తగ్గనీయబాకండి. రేపు ఇంకోడు కోస్తాడు."

తిరుగు బస్సులో ఆ మాటే నమిలాను. ల్యాబ్‌లో ఆ కొక్కెం ఎన్ని టన్నులకు విరుగుతుందో పరీక్షించాం. తొందరపడే మనిషి చేతిలో గ్యాస్ కట్టరు ఉంటే ఏమవుతుందో ఆలోచించనే లేదు. ఆ తప్పు నాదే. అందుకే ఆ కోపంలో సగం నా మీదే.

మీరూ ఇలాంటి పని చూడటానికి వెళ్తుంటే, వస్తున్నట్టు ముందుగా ఎవరికీ చెప్పకండి.