మాస్టారు మళ్ళీ చెప్పిన అధ్యాయం

భవానీపురంలో మా మేడమీది వాటాలో సంస్కృతం మాస్టారు పన్నెండేళ్ళుగా అద్దెకుంటున్నారు. శివుడూ మనమూ ఈ లోకమూ వేరు కాదని చెప్పే శైవశాస్త్రం ఆయన చదువు. ఆదివారాలు పాఠం చెబుతారు. ఐదో తరగతితో బడి మాని మగ్గం ఎక్కినదాన్ని నేను. మెట్లమీద బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అంతా మాయేనంటారు కదండీ మాస్టారూ?"

"మా శాస్త్రం అలా అనదమ్మా. లోకం నిజమే, శివుడి వెలుగే. అయినా అంతా మాయైతే, పంపు కట్టేయలేదని పొద్దున నన్నెందుకు తిట్టారు?"

"ట్యాంకు ఖాళీ అయితే మీ శివుడొచ్చి నింపుతాడేమిటి?" అన్నాను. ఆయన పడీపడీ నవ్వారు.

మూడేళ్ళ క్రితం ఆయన చూపు తగ్గసాగింది. ఆపరేషన్‌తో బాగయ్యేది కాదన్నారు డాక్టరు. ఆయన బెంగంతా పుస్తకం గురించే. ఆ శాస్త్రాన్ని తేట తెలుగులో రాసి పెట్టుకున్నారు. చూపు పూర్తిగా పోకముందే సరిచూసి అచ్చుకివ్వాలి. శ్లోకాలు కూడా తెలుగు అక్షరాల్లోనే ఉన్నాయి కనుక చదివిపెట్టడానికి నేను పనికొచ్చాను. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని పైకెళ్ళి, వేలుపెట్టి కూడబలుక్కుంటూ చదివేదాన్ని. నేను తడబడితే కళ్ళు మూసుకుని శ్లోకం మొత్తం ఆయనే చెప్పేసేవారు.

ఆఖరి పేజీ అయ్యాక, ప్రెస్సువాళ్ళను రమ్మననా అని అడిగాను.

"ఆగండమ్మా. మీకేం అర్థమైందో చెప్పండి."

మొహమాటం నా ఒంట్లో లేదు. "మిగతాదంతా బాగానే ఉందండీ. నాలుగో అధ్యాయం మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు."

"శిష్యులెవరూ ఆ మాట అనలేదే!"

"వాళ్ళు మీకు భయపడతారు. నాకు మీరు భయపడతారు."

ఆయన నవ్వలేదు. "ఆ అధ్యాయం తీసేయండి. మళ్ళీ చెబుతాను, రాయండి" అన్నారు.

"చూపుండగానే అచ్చు చూసుకోవాలన్నారు కదండీ?"

"తెలుగులో రాసింది నేను చూసుకోవడానికి కాదు కదమ్మా."

పాత క్యాలెండరు కాగితాల వెనకవైపు రాశాను. కొత్త నోటుబుక్కు నేనే కొననివ్వలేదు. నాలుగు నెలలు పట్టింది. బోధపడని మాట వస్తే పెన్ను ఆపేదాన్ని. అంత చదువుకున్న మనిషి ఒక్కసారైనా విసుక్కోకుండా ఇంకోలా చెప్పేవారు. ఒకచోట, చీరలో దారం కాక ఇంకేముందని నన్నే అడిగి, నా జవాబునే రాయించారు.

మొన్న ఉగాదికి పుస్తకం వచ్చింది. అప్పటికి ఆయనకు వెలుతురు, చీకటి తప్ప ఏమీ తెలియడం లేదు. చేతిలో పెడితే అట్ట తడిమి, వాసన చూసి, "నాలుగోది చదవండమ్మా" అన్నారు.

చదివాను. ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు.