లోపల ఎవరు మిగిలారు?

గుంటూరు శివార్లలోని ఆ కోల్డ్ స్టోరేజీలో సాయంత్రం గది తలుపు వేసే ముందు గుమాస్తా లోపలికి ఒక కేక వేయాలి. మిర్చి టిక్కీ బస్తాల వరుసల వెనక హమాలీ ఎవరైనా ఉండిపోతే తెల్లారేసరికి బిగుసుకుపోతాడు. మిగతా గుమాస్తాలు "ఎవురన్నా ఉన్నారా?" అని అరిచేవారు. శేషాచలం మాత్రం "లోపల ఎవరు మిగిలారు?" అనేవాడు.

అది అతని సొంత మాట కాదు. కేబుల్ వచ్చిన కొత్తలో, ఆదివారం పొద్దున్నే, తెలుగులోకి మార్చిన విదేశీ సీరియల్ ఒకటి వచ్చేది. నక్షత్రాల మధ్య దారితప్పిన ఓడ కథ. తలుపు మూసే ముందు కెప్టెన్ అదే ప్రశ్న అడిగేవాడు. "చీకటి ఒక్కటే, కెప్టెన్" అని ఓడలోని ఒక ఉద్యోగిని జవాబిచ్చేది. బ్రాడీపేట అద్దెగదిలో ఇడ్లీ పొట్లం విప్పడం కూడా మరిచి చూసేవాడు శేషాచలం. ఏడాది తిరక్కుండానే అది ఆగిపోయింది. ఓడ ఇల్లు చేరిందో లేదో చెప్పనే లేదు.

తర్వాత ఏళ్ల తరబడి, ఆ తలుపు దగ్గరికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా వాళ్ల ముఖాల్లోకి ఆశగా చూస్తూ ఆ కేక వేసేవాడు. సినిమా డైలాగు సగం అంటే మిగతా సగం అందుకునే ఊరు అది. ఈ మాటను మాత్రం ఎవరూ అందుకోలేదు. సరుకు చూసుకోవడానికి వచ్చిన బ్యాంకు ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. మిషన్లు బాగుచేసే ఇంజనీరు, "లెక్క తేలట్లేదా సార్?" అన్నాడు.

"అట్టాంటి సీరియలే రాలేదయ్యా, నువ్వేదో కలగన్నావు," అని తీసిపారేశాడు తోటి గుమాస్తా నాగేంద్రబాబు.

ఆ మాట శేషాచలం మనసులో ముల్లులా ఉండిపోయింది. చూసినవాళ్లు ఇంకొక్కరైనా లేకపోతే, తను చూసినట్టు మాత్రం రుజువేమిటి?

ఒక వేసవి సాయంత్రం, పగలంతా మిర్చి ఘాటు పీల్చి అతని గొంతు పూడుకుపోయింది. తలుపు దగ్గర నిలబడి ఎలాగో ప్రశ్న పూర్తిచేశాడు.

"చీకటొకటే, కెప్టెన్," అంది వెనకనుంచి ఒక గొంతు.

గిరుక్కున తిరిగాడు. చిరిగిన గోతాలు కుట్టే జానీబీ, దబ్బనం పట్టుకుని కూర్చుని ఉంది.

"నువ్వూ... చూశావా?"

"ఏంది చూసేది గుమాస్తాగారూ? మా ఇంట్లో టీవీ యాడుంది? రోజూ మీరే అడిగి, మీరే గొణుక్కుని తలుపేస్తారుగా. ఇయ్యాల గొంతు రావట్లేదు గదా అని నేనన్నా. ఇంతకీ ఎవురండీ ఆ కెప్టెను?"

శేషాచలం తలుపు లాగాడు. గడియ వేసి, చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, సైకిలెక్కి వెళ్లిపోయాడు. దారిపొడుగునా ఎదురైన ఇళ్లలో టీవీలు మోగుతూనే ఉన్నాయి.

మర్నాడు సాయంత్రానికి గొంతు కుదుటపడింది. కేక వేశాడు. రెండో ముక్క పెదవుల దాకా వచ్చింది. మింగేసి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చల్లగాలి కాళ్లను కోస్తోంది.

"చీకటొకటే కెప్టెనూ!" అని జానీబీ ఆవరణంతా వినబడేలా అరిచింది. హమాలీలు ఘొల్లుమన్నారు.

సీరియల్లో ఆ మాట అంత గట్టిగా అనరు. శేషాచలం సరిదిద్దలేదు. తలుపు మూశాడు.