పెట్టె చల్లబడ్డ నాడు

"ఆ జనరేటర్ డాక్టరుగారి గదిల హీటరుకా, ఈ పసిగుడ్లకా? నోరు తెరిచి చెప్పు సారూ!"

కరెంటు పోయిన నారాయణగూడ ప్రైవేటు కాన్పుల ఆసుపత్రిలో ఆయా కురుమమ్మ అరుపుకు వరండా అదిరింది.

"అరవకు కురుమమ్మా, పేషెంట్లున్నారు," అన్నాడు మేనేజర్ సుందరరావు.

"ఉన్నరనే అరుస్తున్న!" ఆయన చెయ్యి గుంజి, పసిగుడ్లను వెచ్చగా ఉంచే పెట్టెలోని పిల్ల అరికాలికి ఆనించింది. ఐసుగడ్డ. సుందరరావు వెంటనే మనిషిని పిలిచిండు. హీటరు వైరు పీకించి పెట్టెకు తగిలించిండు.

ఆ పిల్ల, పక్కనే నిలబడ్డ అశోక్‌నగర్ మనోరమకు మనుమరాలు. కూతురు రాగిణికి ఏడో నెలలోనే ఆపరేషన్ చేసి తీసిండ్రు. కిలోన్నర కూడా లేదు. పెట్టెలో ఇంకొకరి మగపిల్లాడు కూడా ఉన్నడు. పెట్టె అంటే ఏం పెట్టె? చెక్కతో చేసింది, అద్దం మూత, లోపల రెండు బల్బులు. మెట్లకు పాలరాయి పరిచినోళ్లకు పసిపిల్లల కాడికొచ్చేసరికి రెండు బల్బులే దొరికినయి! మనోరమ లోలోపలే తిట్టుకుంది.  పైకి అడిగింది ఆయా.

కురుమమ్మది అంబర్‌పేట్. మొగుడు బుగ్గయ్య పోయినంక ఇక్కడ చేరింది. చదువు సున్న. ఆమె తొలిచూలు బిడ్డ కూడా నెల తక్కువదే. మైల పోవాలని పుట్టంగనే అత్త తానం పోసింది. పొద్దుగూకకముందే బిడ్డ పోయింది.

"దేవుడు తీస్కపోలేదమ్మా, చలి తీస్కపోయింది," అని నిన్ననే చెప్పింది. ఆ చెప్పుడు కూడా ఎట్ల! పిల్లకు తానం పొయ్యమని మనోరమ తెచ్చిన వేన్నీళ్లు మోరీల పారబోస్తూ. ఆయా నాకు బుద్ధి చెప్పుడా అని మనోరమకు ఒళ్లు మండింది.

హీటరు వైరు పీకిన గంటకే జనరేటర్ ఆగింది. డీజిల్ అయిపోయిందట. చిక్కడపల్లి పంపుకు పోయిన మనిషి తిరిగి రాలేదు. సుందరరావు కనబడ్తలేడు. రాగిణి జ్వరంతో కళ్లు తెరుస్తలేదు. పెట్టె చల్లబడింది.

కురుమమ్మ మూత తీసి, మగపిల్లాణ్ణి ఒంటి వేడి తగిలేటట్టు తన రొమ్మున పెట్టుకుని చీర చుట్టుకుంది. ఇంకో పిల్లకు జాగా లేదు. మనోరమ దిక్కు చూసింది.

మనోరమ రెండడుగులు వెనక్కి పోయింది. మూడు రోజులుగా మనుమరాలిని అద్దంలోంచే చూస్తున్నది. "పురుడు పదకొండు రోజులు కురుమమ్మా. నేను ముట్టను. ఇంట్ల దేవుడున్నడు."

"పదకొండో నాడు ఎవల్ని ముడతవ్? అప్పటిదాంక ఉండాలె గద పిల్ల!"

మనోరమకు చెంపమీద కొట్టినట్టయింది. కోపం ఎవరి మీదనో ఆమెకే తెలవలేదు. వెనక్కి వేసిన రెండడుగులూ ముందుకు వేసి పెట్టె కాడికొచ్చింది.

"జర కుర్చీల కూసో అమ్మా," అంది కురుమమ్మ. "జాకెట్టు హుక్కులు తియ్యి. పిల్లను నీ రొమ్ముల నడుమ బోర్ల పెడుత, మొహం పక్కకు తిప్పి. పైనుంచి చీర కప్పుకో. కరెంటొచ్చినా తియ్యకు. నేను చెప్పేదాంక లేవకు."