చేతులు వదిలేదాకా

మోరి తాత పోయాడని పెదబయలు నుంచి ఫోను వచ్చేసరికి, అరకులో మా గిటారిస్టు ఇంట్లో కూర్చుని మా మొదటి ఆల్బమ్ సీడీలను కవర్లలో పెడుతున్నాం. విడుదల ఆపేశాం. నెల ఆగి ఇప్పుడు మీ చేతికిస్తున్నాం. మాది హార్డ్ రాక్ బ్యాండు: ముగ్గురు అబ్బాయిలు వాయిస్తారు, నేను పాడతాను. మొదటి పాటలో గిటార్లను తోసుకుంటూ వచ్చే ఆ ఊదుడు తాతది.

ఆయన పెదబయలులో మా పక్కింటివాడు. చేతులు కలిపి వరసగా థింసా ఆడిన ప్రతిచోటా సన్నాయిలాంటి మోరి ఊదేవాడు. మోరి కొసన ఊదే ఆకు పీక నోట్లో నానబెట్టుకున్నాడంటే ఇక మాట్లాడడు, కనుబొమలతోనే జవాబు. మా ప్రాక్టీసు మొదటిసారి విన్నరోజు మాత్రం పీక తీసి మరీ అన్నాడు: "ఈ గిటారుకి జొరమొచ్చినట్టుందిరా, ఇలా వొణుకుతంది!" అయినా మర్నాడు మోరి పట్టుకొచ్చాడు.

మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేనే. అందుకని ఎవరికి ఏ కాగితం వచ్చినా నాకే చూపించేవారు. రికార్డింగుకి వారం ముందు తాత ఆసుపత్రి చీటీ తెచ్చాడు.

"ఏటి రాసినాడే?"

"గుండె బాగోలేదంట తాతా. మోరి ఊదొద్దంట."

చీటీ మడిచి మొలలో దోపుకున్నాడు. "ఆ బేండు గుంటలకి సెప్పకు. ఈ పాటయినాక మానేత్తాను."

నేను చెప్పలేదు.

విశాఖపట్నం స్టూడియోలో, ముందే రికార్డు చేసిన మా వాయింపు వినబడేలా తాత చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. అద్దం అవతల నుంచి ఇంజనీరు చెయ్యి ఊపాడు. తాత ఊదడే!

"ఆడీవోళ్ళేరి?" అన్నాడు.

"ఇక్కడెవరూ ఆడరండి. పాట ఒక్కటే."

"ఆడకపోతే ఎప్పుడాపాలో నాకెలా తెలుస్తాది బాబూ? ఆడీవోళ్ళు సేతులు ఒదిలీదాకా ఊదాల."

మేం నలుగురం చెప్పులు విప్పి, ఒకరి నడుము వెనక ఒకరు చేతులు కలిపాం. "అడుగుల చప్పుడు రికార్డులో పడిపోతుందండీ!" అని ఇంజనీరు తలపట్టుకున్నాడు. తాత మొదలుపెట్టాడు.

సగం పాటకి ఆయన మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పెదాలు నల్లబడ్డాయి. చూడలేక నేను చెయ్యి వదిలేశాను. మోరి ఆగిపోయింది.

"ఏటైందే నీకు? అంత బాగా వొస్తంటే!" డ్రమ్మర్ నా మీద విరుచుకుపడ్డాడు.

ఇంకొక్కసారికే సమయం ఉందని, తర్వాత వేరేవాళ్ళు వస్తారని ఇంజనీరు చెప్పాడు. తాత పీక తీసి నన్నే చూశాడు.

"నా ఊపిరి నేను సూసుకుంటాను. నువ్వు సెయ్యి సూసుకో."

రెండోసారి మొదలైంది. డ్రమ్మర్ చేతిలో నా చెయ్యి చెమటకు జారిపోతోంది. గోళ్ళు గుచ్చి పట్టుకున్నాను. ఆయన వైపు చూడకుండా అడుగులు లెక్కపెట్టుకున్నాను. ఇంజనీరు చెయ్యెత్తాక గానీ వదల్లేదు. తాత మోరి ఒళ్ళో పెట్టుకుని గోడకు చేరబడ్డాడు. మావాళ్ళు చప్పట్లు కొడుతున్నారు.

చీటీ సంగతి వాళ్ళకు సీడీ కవర్లో ఇది చదివాకే తెలుస్తుంది. రెండోసారి కూడా వదిలేసి ఉంటే తాత ఇంకొన్నాళ్ళు ఉండేవాడా? నాకు తెలియదు. ఆ ప్రశ్న నాతోనే ఉంటుంది. ఆయన ఇచ్చిన పాట మాత్రం మీ దగ్గర ఉంటుంది.

రికార్డింగు మర్నాడు పొద్దున్నే అరకు మీదుగా వెళ్ళే కిరండోల్ రైలెక్కాం. ఇంజనీరు ఇచ్చిన క్యాసెట్ వాక్‌మన్‌లో వేసి తాత చెవులకు పెట్టాను. తన ఊదుడు తను వినడం ఆయనకదే మొదలు. కాసేపు విని నా మోచెయ్యి పొడిచాడు.

"ఈడెవుడే గుంటా? ఊపిరి తీసుకోడేటి?"

"నువ్వే తాతా."

"ఊరుకో!"

రైలు సొరంగంలోకి వెళ్ళింది. పెట్టె అంతా చీకటి. మళ్ళీ వెలుగు వచ్చేసరికి తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు. బుగ్గలు రెండూ నిండుగా ఉబ్బి ఉన్నాయి. ఖాళీ చేతుల్లో వేళ్ళు కదులుతున్నాయి.